తొంభై ఒకటో రోజు

"ఈ డ్రమ్ముకి పుట్టినరోజు లేదా?"

వెనక నుంచి వినిపించిన ఆ ప్రశ్నకి సైట్ మేనేజర్ గిరుక్కున తిరిగాడు. పసుపుపచ్చ హెల్మెట్, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, అట్టకి బిగించిన కాగితాలు, వాటి వెనక ఒక అమ్మాయి. ముఖం చూస్తే కాలేజీ ఎగ్గొట్టి వచ్చినట్టుంది. మెడలో వేలాడుతున్న కార్డు మాత్రం కాలుష్య నియంత్రణ ఆఫీసు ఇన్‌స్పెక్టర్ అంటోంది.

"డ్రమ్ములకి పుట్టినరోజులేంటండీ? కేకు కొయ్యాలా?" అని నోరు జారాడు.

"కొయ్యక్కర్లేదు. తారీఖు వేస్తే చాలు. మొదటి చుక్క ఇందులో ఏ రోజు పడిందో లేబుల్ మీద ఉండాలి. అక్కణ్ణుంచి తొంభై రోజుల్లో ఇది గేటు దాటాలి. తారీఖే లేకపోతే తొంభై ఎక్కణ్ణుంచి లెక్కపెట్టమంటారు?"

"నిన్ననే నింపామండీ. కావాలంటే మా మేస్త్రిని అడగండి."

"డ్రమ్మునే అడిగాను. అది చెప్పలేదు," అని చకచకా నోటీసు రాసి అతని చేతిలో పెట్టింది. అతను ఆ నోటీసు రెండుసార్లు చదివాడు. రెండుసార్లూ అతనికి ఒక్క ముక్క ఎక్కలేదు. చదువుతున్నది కాగితాన్ని కాదు మరి.

అది మూతపడ్డ ఫ్యాక్టరీ. ఇనుప సామాన్లకి మెరుగుపూత వేసేవాళ్లు. యజమానులు తాళం వేసి చేతులు దులుపుకున్నారు. వాళ్లు వదిలిన విషం మాత్రం అక్కడే ఉండిపోయింది. తొట్లలో ఆసిడ్, ఇంకో వైపు బ్లీచింగ్ నీళ్లు, నేలలోకి ఇంకిన రంగు బురద. వాటన్నిటినీ తోడించి, డ్రమ్ముల్లోకి ఎత్తించి, లేబుల్ అంటించి, శుద్ధి చేసే చోటికి లారీల్లో పంపించడం అతని ఉద్యోగం. దానికో లైసెన్సు కావాలి. ఆ లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పడు.

ఆమె పదిహేను రోజులకోసారి వచ్చేది. పనివాళ్లు ఆమెకి "తారీఖు మేడమ్" అని పేరు పెట్టేశారు. ఆమె వచ్చే రోజున మేనేజర్ షర్టు ఇస్త్రీతో ఫెళఫెళలాడేది.

"ఏం బాబూ, మిగతా రోజుల్లో మాకా భాగ్యం లేదా?" అనేవాడు మేస్త్రి. ఆయనకి అరవై దాటాయి. మూత వాసన చూసి లోపల ఏముందో చెప్పేయగలడు. అలా వాసన చూడొద్దని మేనేజర్, ఇన్నేళ్లలో ఏమీ కాలేదని ఆయన, ఇద్దరికీ రోజూ పేచీయే.

నాలుగోసారి వచ్చినప్పుడు వాన పట్టుకుంది. షెడ్డు చూరు కింద ఇద్దరే ఇరుక్కుపోయారు. మేస్త్రి పంపించిన టీ గ్లాసు ఆమెకి అందించాడు మేనేజర్. గ్లాసుకి లేబుల్ అంటించి ఉంది. "పదార్థం: టీ. నింపిన తారీఖు: ఈ రోజే. హెచ్చరిక: చల్లారితే ప్రమాదకరం."

ఆమె నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది. ఆగలేదు. అంత నవ్వు ఆ కార్డు వెనక ఎక్కడ దాచిందో అని అతను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు.

"లేబుల్‌లో ఒకటి మర్చిపోయారు," అంది టీ తాగి. "ఎవరు నింపారో రాయలేదు."

"రాస్తే నోటీసిస్తారేమోనని."

"ఈసారికి వదిలేశాను."

ఆ వాన వెలిసేసరికి "మీరు" పోయి "నువ్వు" వచ్చింది. ప్రేమ అన్న మాట ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. కొన్ని నెలలు గడిచాక ఒకరోజు కాగితాలు సర్దుకుంటూ, తల ఎత్తకుండా, "వచ్చే ఆదివారం మా అమ్మ నిన్ను చూస్తానంది," అంది. అంతే. ఆ రోజంతా అతనికి కాళ్లు నేల మీద ఆనలేదు.

కథ ఇక్కడ ఆగిపోయి ఉంటే ఎంత బావుండేదో.

ఆ వారం ఆకాశానికి చిల్లుపడ్డట్టు వానలు. వంతెన మునిగింది, లారీలు ఆగిపోయాయి. షెడ్డులో పన్నెండు డ్రమ్ములకి తొంభై రోజులు నిండిపోయాయి.

భయపడాల్సిందేం లేదు నిజానికి. వాన వల్ల ఆలస్యమైందని ఒక్క పేజీ దరఖాస్తు పెడితే ఇంకో ముప్ఫై రోజులు ఇస్తారు. ఎవరికైనా ఇస్తారు. కానీ ఆ దరఖాస్తు వెళ్లి పడేది ఆమె బల్ల మీదే. అప్పటికే ఆఫీసులో ఒకాయన, "మీ సైటయితే కళ్లు మూసుకుని సంతకం పెట్టేస్తారులెండి" అని అందరి ముందూ అన్నాడట. ఆ రోజు ఆమె కళ్లు ఎర్రగా ఉండటం మేనేజర్ చూశాడు. తన వల్ల ఆమె ఇంకో మాట పడకూడదని అప్పుడే అనుకున్నాడు.

అనుకుని, తెలివైనవాణ్ణనుకునే ప్రతి మూర్ఖుడూ చేసే పనే చేశాడు. తొంభై ఒకటో రోజు మధ్యాహ్నం, పనివాళ్లు భోజనాలకి వెళ్లినప్పుడు, పన్నెండు లేబుళ్లూ పీకి, కొత్త తారీఖులతో కొత్తవి అంటించడం మొదలుపెట్టాడు.

ఏడోది చేతిలో ఉండగా ఫోన్ మోగింది.

"ఆదివారం ఏ షర్టు వేసుకొస్తావ్?"

"నువ్వు చెప్పింది."

"నీలం. అమ్మకి నీలం ఇష్టం. నాక్కాదు, అమ్మకి."

"సరే, మీ అమ్మగారి కోసమే."

మాట్లాడుతూనే, నవ్వుకుంటూనే, ఏడో డ్రమ్ము లేబుల్ ఎనిమిదో దానికి, ఎనిమిదో దానిది ఏడో దానికి అంటించాడు. ఆసిడ్ డ్రమ్ము మీద బ్లీచింగ్ నీళ్లని పడింది. అతను చూసుకోలేదు.

శనివారం పొద్దున వాన తెరిపిచ్చింది. లారీలు వస్తున్నాయని కబురొచ్చింది. చోటు కలిసొస్తుందని మేస్త్రి సగం సగం ఉన్న డ్రమ్ముల్ని ఒకదాన్లోకి ఒకటి ఒంపుతున్నాడు. ఒకే రకం వాటినే కలపాలి, ఆయనకది కొత్త కాదు. వాసన చూడొద్దని మేనేజర్ పోరగా పోరగా ఆ మధ్యే మానేశాడు. ఆ రోజు బుద్ధిగా లేబుల్ చదివాడు. తారీఖు మారిందని చూసి, ఇది మేనేజర్ పనేనని ఊరుకున్నాడు. బ్లీచింగ్ నీళ్లనుకుని ఆసిడ్‌ని బ్లీచింగ్ నీళ్లలో పోశాడు.

పసుపుపచ్చగా పొగ లేచింది. మేనేజర్ మాస్కు తగిలించుకుని ఆయన్ని బయటికి ఈడ్చుకొచ్చేసరికి ఆయన మాట పడిపోయింది.

సాయంత్రం ఆమె సైట్ ఆఫీసు గదికి వచ్చింది. కూర్చుని, కాగితాలు తీసి బల్ల మీద పరిచింది.

"హాస్పిటల్ నుంచే వస్తున్నా. ప్రాణానికి భయం లేదన్నారు. ఊపిరితిత్తులు మాత్రం సగమే మిగిలాయట."

అతను తల దించుకున్నాడు.

"మేస్త్రి గారు కాగితం అడిగి తీసుకుని రాసిచ్చారు. గడువు దాటిందని భయమేసి లేబుళ్లు తనే మార్చానని. నీకేం తెలీదని." ఆమె గొంతులో ఊరట ఉంది. ఆ ఊరటకి ఆమే సిగ్గుపడుతోంది. "నువ్వు ఇక్కడొక సంతకం పెడితే చాలు."

సంతకం పెడితే చాలు. లైసెన్సు ఉంటుంది. రేపు ఆదివారం. నీలం షర్టు ఇస్త్రీ చేసి గోడకి తగిలించి ఉంది. మేస్త్రి ఇచ్చిందే కదా, తను అడిగింది కాదు కదా, అని అతని మనసు అతన్ని ఎంత బతిమాలిందో.

"ఆయన అబద్ధం రాశారు. మార్చింది నేను," అన్నాడు.

ఆమె పెన్ను ఆగిపోయింది.

"ఎందుకు? ఒక్క పేజీ రాస్తే గడువిచ్చేవాళ్లం కదా?"

"అది నీ బల్ల మీదకి వస్తుంది. నిన్ను మళ్లీ ఎవరైనా..."

"రాదు." ఆమె పెన్ను కింద పెట్టింది. "ఈ సైట్ ఫైలు నాకొద్దని పది రోజుల క్రితమే రాసిచ్చాను. దరఖాస్తులు అప్పట్నుంచి వేరే ఆయన చూస్తున్నారు. సోమవారం నుంచి తనిఖీలు కూడా ఆయనవే. మనం పెళ్లి చేసుకోవాలంటే అదే పద్ధతి కదా. రేపు అమ్మ ముందు చెప్పి నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నా."

ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నోరు మూసుకున్నారు. అందులో ఒక్కరు నోరు విప్పినా మేస్త్రి ఈపాటికి ఇంట్లో కూర్చుని టీ తాగుతూ ఉండేవాడు.

"నాకెందుకు చెప్పావు?" అంది. "ఇంకో రెండు రోజులు ఆగుంటే ఆయనకే చెప్పేవాడివి. ఇప్పుడు నేను రాయాలి. నేనే సాక్షిని."

"నీ దగ్గర దాచి రేపు మీ ఇంటికెలా రాను?"

ఆమె మెడలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది. లేచి అతని దగ్గరికొచ్చి, రెండు చేతులతో అతని ముఖం పట్టుకుని, ఇన్నాళ్లూ అనని మాట అనేసింది. "నువ్వంటే నాకు ప్రాణం. నువ్వు అబద్ధం చెప్పుంటే నమ్మేదాన్ని. నమ్మాలనే వచ్చాను. కానీ ఆ మనిషి దగ్గు విన్నాక... మనం ఏ గదిలో కాపురం పెట్టినా అది వినిపిస్తుంది. నేను ఉండలేను."

కాసేపు అలాగే ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. తరవాత కళ్లు తుడుచుకుని, కార్డు మళ్లీ మెడలో వేసుకుని కూర్చుంది.

"చెప్పండి, మేనేజర్ గారూ. మొదటి నుంచి చెప్పండి."

అతను చెప్పాడు. ఆమె ఒక్క అక్షరం వదలకుండా రాసింది.

విచారణ పదకొండు నెలలు సాగింది. అది తేలేదాకా సాక్షితో మాట్లాడకూడదన్నారు, అతను మాట్లాడలేదు. లైసెన్సు రద్దయింది. తీర్పు వచ్చేలోపే ఆమె వేరే ఊరికి బదిలీ అడిగి వెళ్లిపోయింది. వాళ్ల అమ్మ మాత్రం ఒకసారి ఫోన్ చేసింది. "నిన్ను చూడలేదు కానీ బాబూ, చూడాలని ఉండేది," అని పెట్టేసింది.

ఇప్పుడతను ఒక గోదాములో సరుకు దింపించే పని చేస్తున్నాడు. ఆదివారాలు మేస్త్రి ఇంటికి వెళ్తాడు. మందులు తెస్తాడు, మంచం పక్కనున్న ఆక్సిజన్ సిలిండర్ మారుస్తాడు. మేస్త్రి నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ తిడతాడు.

"నేను రాసిచ్చాను కదరా... నోరు మూసుకునుంటే... ఆ ఇంటికి అల్లుడివయ్యేవాడివి."

"అయ్యేవాణ్ణి."

"బాధ లేదూ?"

"ఉంది మేస్త్రీ," అన్నాడు గొట్టం సరిచేస్తూ. "రోజూ ఉంది."