అది కూరగాయల చిట్టా కాదు

ఆదివారం పొద్దున్నే పిండి పల్చగా ఒత్తి, మాంసం ముద్దలు పెట్టి తోర్తెల్లీనీ మడుస్తోంది నీవెస్. డెబ్బై ఆరేళ్ళొచ్చినా ఆ చేతులకు వణుకు రాలేదు. కొడుకు లోరిస్ హడావుడిగా వచ్చి ఓ పుస్తకం ప్రూఫు ప్రతి పిండి బల్ల మీదే పెట్టాడు. తమ ఇంటి బెర్తాకీని కార్ల రేసింగ్ జట్టు పుట్టి యాభై ఏళ్ళయిన సందర్భంగా తను దగ్గరుండి రాయించిన చరిత్ర. రేపు అచ్చుకు వెళుతుందని, తప్పులుంటే ఈరోజే చెప్పమని అన్నాడు.

ఆమె చేతులు తుడుచుకుని పేజీలు తిప్పింది. భర్త అర్దేలియో గ్యారేజీలో కట్టిన మొదటి కారు ఉంది. నడిపినవాళ్ళందరూ ఉన్నారు. గ్యారేజీ కుక్కకు సైతం అర పేజీ దక్కింది. అరవై నాలుగో పేజీలో ఆమె చెయ్యి ఆగిపోయింది. అక్కడో పాత ఫోటో: తలకు రుమాలు, ఒళ్ళో అట్ట, దాని మీద కాగితం. ట్రాక్ పక్క గోడ మీద కూర్చుని ముప్పై ఏళ్ళ నీవెస్ ఏదో రాస్తోంది. కింద ఉన్న వాక్యం ఇదీ: 'మధ్యాహ్న భోజనానికి కూరగాయల చిట్టా రాస్తున్న అర్దేలియో భార్య.'

నీవెస్‌కు ఒళ్ళు మండిపోయింది. తను రాస్తున్నది చుట్ల లెక్క. యంత్రాలు లేని ఆ రోజుల్లో ఆ కాగితమే జట్టుకు కళ్ళు. ముందు నుంచి ఏ కారు పోయినా దాని నంబరు వరసలో రాయాలి. ముప్పై కార్లు, రెండు గంటలు. ఎండైనా వానైనా పద్నాలుగేళ్ళు ఆ పని చేసింది. జీతం మాట అటుంచి, మంచినీళ్ళు ఇచ్చినవాడు లేడు.

పేజీ తిప్పితే ఇంకా ఘోరం. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో వానలో జరిగిన పందెంలో అధికారులు తమ కారు తిరిగిన ఒక చుట్టు లెక్కలో వదిలేశారట. అర్దేలియో డేగకళ్ళతో ఆ తప్పు పట్టి గెలుపు తెచ్చుకున్నాడట. ఆ గెలుపే లేకపోతే గ్యారేజీ ఆ ఏడే మూతపడేదన్న మాట మాత్రం నిజం. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే కదా అనుకుంది.

మధ్యాహ్నం అర్దేలియో భోజనానికి వచ్చి కూర్చుంటే, పళ్ళెం పెట్టాల్సిన చోట ఆమె ఆ పుస్తకం పెట్టింది. లోరిస్ సర్దిచెప్పబోయాడు.

"ఫోటో కింద రెండు ముక్కలకి ఇంత గొడవేంటమ్మా? అవన్నీ ఎవరు చదువుతారు?"

"ఎవరూ చదవకపోతే కుక్కకి అర పేజీ ఎందుకిచ్చావురా?"

నాన్న చెప్పిందే రాయించానన్నాడు కొడుకు. అర్దేలియో మాత్రం, ఎప్పుడో జరిగిపోయినవి ఇప్పుడు తవ్వడం దేనికని గొణిగాడు.

"ఊరందరికీ చెప్పమనట్లేదు. నీ కొడుక్కి చెప్పు. ఆ తప్పు ఎవరు పట్టారు?"

లోరిస్ తండ్రి వంక చూశాడు. ఆ కథ వింటూనే అతను పెరిగాడు. ముసలాయన చూపు బల్ల మీంచి లేవలేదు.

"నేను కాదురా. వాళ్ళు వదిలేసిన చుట్టు నేనూ వదిలేశాను. వానలో కారునే చూస్తూ గడియారం నొక్కడం మర్చిపోయా. ఓడిపోయామని సామాను సర్దించేశాను. మీ అమ్మ కాగితం పట్టుకొచ్చి, మనం ముప్పై ఎనిమిది తిరిగాం, వాళ్ళు ముప్పై ఏడే రాశారంది. నోర్మూసుకుని బండెక్కమన్నా. ఫిర్యాదుకి అరగంటే గడువు. జట్టు యజమాని సంతకం కావాలి. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి మరీ పెట్టించింది."

"మరి అందరికీ అలా ఎందుకు చెప్పావ్?"

"సంతకం నాదని పేపరోళ్ళు నన్నే అడిగారు. మనవాళ్ళు నన్ను భుజాల మీదకెత్తుకున్నారు. ఆ భుజాల మీంచి దిగడం చేతకాలేదురా."

లోరిస్‌కు తల కొట్టేసినట్టయింది. ఈ పుస్తకం కోసం రెండేళ్ళు నలభై మంది చుట్టూ తిరిగాడు. ఇంట్లో ఉన్న అమ్మను మాత్రం ఒక్క మాట అడగలేదు. కళ్ళనీళ్ళతో ఆమె చెయ్యి పట్టుకుని తప్పయిందన్నాడు.

"పద్నాలుగేళ్ళలో ఒక్క పందెం కూడా కళ్ళారా చూడలేదురా నేను. నంబర్ల మీంచి కళ్ళు తిప్పితే ఒక చుట్టు పోతుంది. గెలిచినప్పుడు మీ నాన్న మొహం ఎలా వెలిగేదో కూడా నాకు తెలీదు" అంది నీవెస్.

అర్దేలియో లేచాడు. ఆదివారమని చూడకుండా ప్రెస్సు ఆయన ఇంటికి ఫోన్ చేసి అరవై నాలుగో పేజీ తియ్యమన్నాడు. పేరు నీవెస్ గ్వాల్దీ అని, ఆమె పుట్టింటి పేరుతో చెప్పాడు. మీ భార్యే కదా అని అవతలాయన అడిగాడు.

"భార్యే. అది కాదు రాయాల్సింది. చుట్ల లెక్క రాసింది ఈమె, డెబ్బై నాలుగులో జట్టుని గెలిపించింది ఈమె అని రాయండి. ఆమె భర్త ఆ మాట ఇన్నేళ్ళు దాచాడని కూడా..."

ఫోన్ ఆమె చేతికిచ్చి గోడకేసి తిరిగాడు. ప్రెస్సు ఆయన రాసుకున్నదంతా నీవెస్‌కు చదివి వినిపించి, సరిపోయిందా అమ్మా అని అడిగాడు. ఆమె చెంపల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఇంకోసారి చదవండి" అంది.