అమ్మ పాడిన ప్లేటు

"నోరు తెరువమ్మా. ఇంకొక్క ముద్ద, అంతే."

పాలల్లో నానిన రొట్టె సగం లోపలికి పోయింది, సగం గడ్డం మీదికి జారింది. అతను తువ్వాలుతో తుడిచాడు. అమ్మ కుడిచెయ్యి ఒళ్లో కట్టెలా పడి ఉంది. ఎడమచేత్తో అతని చొక్కా జేబు చూపించింది. జేబులో ఫోను పొద్దుటినుంచీ తేనెటీగలా గుయ్యిమంటూనే ఉంది.

"ఏం లేదమ్మా, పని మీద ఫోను" అన్నాడు. అమ్మ అతని మొహంలోకి అలాగే చూసింది. నోరు పడిపోయిందిగానీ, కొడుకు అబద్ధం పట్టుకునే చూపు మాత్రం చెక్కు చెదరలేదు.

మేడల్లో లిఫ్టులు బాగుచేసే పని అతనిది. సెలవొస్తే మాత్రం పాతసామాన్ల సంతల్లో తేలేవాడు. పాత గ్రామఫోన్ రికార్డులంటే ప్రాణం. తోటి పిచ్చివాళ్లంతా అతనికి 'ముల్లు' అని పేరు పెట్టారు, ప్లేటు కనబడితే చాలు వెళ్లి దాని మీద వాలతాడని. ఇంట్లో ముందుగది నిండా అవే. భార్య మందుల షాపులో పనిచేస్తుంది. "మీ షాపులో మందుల కన్నా మనింట్లో ప్లేట్లకి దుమ్మెక్కువ" అని అతను నవ్విస్తే, "అది గొప్పా?" అని ఆవిడ చీపురు విసిరేది.

ఆ పొద్దున ఆవిడ పనికి బయల్దేరుతూ గొడుగు కోసం ముందుగదిలోకి వెళ్లింది.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి."

గొంతులో తేడా విని అతను గిన్నె కింద పెట్టి వెళ్లాడు. అరల మీద కప్పిన దుప్పటి ఆవిడ చేతిలో ఉంది. అరలన్నీ ఖాళీ.

"ప్లేట్లేవీ?"

"అమ్మేశాను."

"అన్నీనా?"

"అన్నీ. మిషనొక్కటే ఉంచాను. వేలంలో అమ్మ ప్లేటు దొరికితే వాయించడానికి ఉండాలిగా."

ఆవిడ అక్కడే ఉన్న ముక్కాలిపీట మీద కూర్చుంది. "ఇన్నేళ్లూ ఈ కొంపలో మనుషులకి చోటు లేదని సాధించింది నేనే. ఈ అరలెప్పుడు ఖాళీ అవుతాయా అని ఎదురుచూసిందీ నేనే. ఇప్పుడు చూస్తుంటే మనిల్లులా లేదండీ. నాతో ఒక్కమాట అనాలనిపించలేదా?"

"చెబితే వద్దంటావు."

"అంటాను! వేలంపాటలో పాడేది ఎవరనుకున్నారు? మనలాంటివాళ్లా? ఏనుగుతో చెరుకుగడ కోసం కుస్తీ పడతారా ఎవరైనా?"

"అది అమ్మ గొంతే" అన్నాడతను, నేల చూస్తూ. "లోకంలో అదొక్కటే మిగిలింది."

ఆవిడ చేతిలో దుప్పటి మడతపెట్టింది. "మీ అక్కయ్యకి చెప్పి చూడకపోయారా? వదినకీ అమ్మే కదా" అంది.

"ఆవిడ మాట ఎత్తకు."

అమ్మ పెళ్లికి ముందు ఒకే ఒక్క ప్లేటు పాడింది. ఆ కంపెనీ వెంటనే మూతపడింది. ఇంట్లో ఉన్న ప్లేటు ఎవరో విని ఇచ్చేస్తామని అడిగి పట్టుకెళ్లి మళ్లీ తేలేదు. అమ్మ దాని గురించి ఎప్పుడు చెప్పినా, "బాగా పాడాను రా, అబద్ధమెందుకు" అని సిగ్గుపడేది. ఆ ప్లేటు కోసమే అతను సంతలు పట్టుకు తిరిగాడు. ఒక ఆదివారం అలా సంతలో, చెవులు గింగురుమనే గోలలో, అట్టపెట్టెలు తిరగేస్తూ ఉండగానే ఇంట్లో అమ్మ కుప్పకూలింది. భార్య చేసిన ఫోన్లేవీ అతనికి వినపడలేదు. ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైంది. ప్రాణం దక్కింది. మాట దక్కలేదు.

ఆసుపత్రి వరండాలో అక్క అందరి ముందూ కడిగేసింది. "పాత ప్లేట్లు ఏరుకుంటూ బతికున్న గొంతుని పోగొట్టావు కదరా!" అంది. అతనూ ఊరుకోలేదు. "చుట్టపుచూపుగా వచ్చేవాళ్లకి మాటలెక్కువ. మళ్లీ నా గుమ్మం తొక్కకు" అన్నాడు. అక్క తొక్కలేదు. ఆవిడ వేరే ఊళ్లో బడిపంతులమ్మ. బావకి టైల్స్ దుకాణం. రెండేళ్లుగా ఆ ఇంటి మంచిచెడ్డలు ఈ ఇంటికి తెలియవు.

ఇన్నాళ్లకి ఆ ప్లేటు ఫోనులో కనిపించింది, ఆన్‌లైన్ వేలంలో. లేబుల్ వెలిసిపోయినా అమ్మ పేరు స్పష్టంగా ఉంది. మొదట పెట్టిన ధర చూసి అతను ఎగిరి గంతేశాడు. మర్నాటికే ఎవరో దానిమీద పాడారు. ఇతను పెంచాడు. వాళ్లూ పెంచారు. పాటదారుల పేర్లు కనబడవు, నంబర్లే. ఇతనిది నాలుగు, అవతలిది ఏడు. ఆ ఏడో నంబరుని తిట్టుకుంటూనే అతను అరలన్నీ ఖాళీ చేశాడు.

మధ్యాహ్నానికి వేలం ముగుస్తుంది. అతను ఒక ఆఫీసు మేడ మీద, లిఫ్టు మోటారు గదిలో ఉన్నాడు. చేతులకి గ్రీజు. తోటి మెకానిక్‌ని కిందికి పంపేసి, పనిముట్ల సంచి మీద కూర్చుని ఫోను చూస్తున్నాడు.

అతను పెంచాడు. ఏడో నంబరు ఇంకాస్త పెంచింది. మళ్లీ పెంచాడు. మళ్లీ ఇంకాస్త. జలగలా పట్టుకుంది. "నీకెందుకురా అది? నీకేమవుతుంది ఆవిడ?" అని ఫోనుని నిలదీశాడు. చివరికి ఉన్నదంతా ఒక్కసారిగా పాడేశాడు. ఏడో నంబరు ఆగింది. అతను లేచి నిలబడ్డాడు.

అప్పుడు ఎక్కడినుంచో పదకొండో నంబరు వచ్చి ధరని ఒకేసారి రెట్టింపు చేసింది. అతని దగ్గర ఇక పెంచడానికి పైసా లేదు. ఏడో నంబరు మాత్రం ఒక్కసారి, కిందపడి లేచిన మనిషిలా, ఇంకొంచెం పాడింది. పదకొండు మళ్లీ దాన్ని రెట్టింపు చేసింది. ఆ తర్వాత ఏడో నంబరు లేవలేదు. ఎవరో తెలియని ఆ మనిషి మీద అతనికి మొదటిసారి జాలేసింది.

వేలం ముగిసింది.

కాసేపటికి గడియారాల షాపు పెద్దాయన ఫోను చేశాడు. అతని ప్లేట్లన్నీ కొన్నది ఆయనే. "తిమింగలం మింగేసింది కదోయ్" అన్నాడు. హోటళ్లున్న ఒక ఆసామికి ప్లేట్లు పోగుచేసేవాళ్లు పెట్టుకున్న పేరది. "వాడు చిన్న ధరల వంక కన్నెత్తి చూడడు. నువ్వూ ఆ ఏడో నంబరూ పొట్టేళ్లలా ఢీకొని ధర లేపేసరికి, అందులో ఏదో ఉందనుకుని నోరు తెరిచాడు. ఆ ఏడో నంబరు లేకపోతే నీకు కారుచౌకగా వచ్చేది."

అతను ఫోను జేబులో పెట్టాడు. కింద ఎవరో లిఫ్టు కోసం గంట కొడుతూనే ఉన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు ఆడవాళ్ల చెప్పులున్నాయి. లోపల ఏడుపు వినపడి, అమ్మకేమైనా అయిందేమోనని ఒక్క ఉదుటున వెళ్లాడు. ముందుగదిలో, ఖాళీ అరల ముందు, అక్క. పక్కన మంచినీళ్ల గ్లాసుతో భార్య. అక్క జుట్టు బాగా నెరిసింది.

"గుమ్మం తొక్కాను. గెంటేస్తే గెంటెయ్" అంది అక్క లేచి నిలబడి. "అమ్మని చూడకుండా ఉండలేకపోయాను రా. ఇవాళ మాత్రం ఉండలేకపోయాను."

"ఇవాళేమైంది?"

"అమ్మ ప్లేటు పోయింది." అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "వేలానికొచ్చింది. నీకు చెబుదామంటే మొహం చెల్లలేదు. ఎవడో నాలుగో నంబరు వాడు పీడలా తగులుకున్నాడు. నేనెంత పాడితే దాని మీద పాడాడు. నా గొలుసు అమ్మాను, మీ బావ దుకాణం అప్పు కట్టడానికి దాచింది కూడా ఊడ్చి ఇచ్చారు. వాడి చేతులు పడిపోవాలని తిట్టని తిట్టు లేదు. చివరికి ఇంకెవడో తన్నుకుపోయాడు."

అతను గోడకి చేరగిలబడ్డాడు. భార్య గ్లాసు కింద పెట్టేసింది. ముందు ఆవిడకే అర్థమైంది.

"వదినా, నీ నంబరు..."

"ఏడు."

అతను ఫోను తీసి అక్క చేతిలో పెట్టాడు. అక్క కళ్లద్దాలు సరిచేసుకుని చూసింది. నాలుగు. అరల వైపు చూసింది. వాటి ఖాళీ ఎందుకో అప్పుడు తెలిసింది.

"ఒరేయ్" అంది. "నువ్వా?"

"మనం కొట్టుకుంటే ధర లేచిందక్కా. ధర చూసి వాడు లేచాడు."

"ఒక్క ఫోను చెయ్యలేకపోయావా?"

"నువ్వు?"

"నువ్వన్న మాట అలాంటిది!"

"నువ్వన్నది చిన్న మాటా? నిద్రలో కూడా వినపడుతుంది నాకది!"

"అన్నాను. కోపంలో అన్నాను. ఆ మాటని మింగెయ్యలేక, అమ్మ ప్లేటు చేత్తో పట్టుకొస్తే నువ్వు గుమ్మం దగ్గర ఆపలేవులే అనుకున్నాను రా."

అతను అరల ముందే నేల మీద కూర్చున్నాడు. "ఆ ఆదివారం నేను ఊరికే వెళ్లలేదని, అది దొరికితే నీకు చూపిద్దామనుకున్నాను."

అక్క వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. భుజాలు మాత్రం ఆనుకున్నాయి.

భార్యే తేరుకుని, గడియారాల పెద్దాయన దగ్గర తిమింగలం ఆఫీసు నంబరు తీసుకుంది. అక్క మాట్లాడింది. పిల్లలకి పాఠం చెప్పినట్టు ఓపిగ్గా, అంతా విప్పి చెప్పింది. ప్లేటు వద్దు బాబూ, ఒక్క కాపీ చాలు, ఆవిడ బతికుండగా ఒక్కసారి వినిపిస్తాం అని బతిమాలింది. ఆఫీసులో ఫోనెత్తినతను మర్యాదస్తుడే. లైనులో ఉండమని, సారుని అడిగొచ్చి మరీ చెప్పాడు.

"కాపీ బయటికి పోతే ప్లేటు విలువ తగ్గిపోతుందమ్మా. సార్ ఒప్పుకోలేదు."

"పోనీ, ఆయనైనా వింటారా?"

"వినరమ్మా. ముల్లు పెడితే అరిగిపోతుంది కదా. గాజుపెట్టెలో పెడతాం."

అక్క ఫోను పెట్టేసింది.

అమ్మ గదిలోంచి మంచం చప్పుడైంది. ముగ్గురూ లోపలికి వెళ్లారు. అమ్మకి వినికిడి బాగానే ఉంది, అంతా విన్నది. కూతుర్ని చూసి ఎడమచెయ్యి చాచింది. అక్క ఆ చేతిలో మొహం దాచుకుని భోరుమంది.

"నీ పాటని మేమే పోగొట్టామమ్మా. ఇద్దరం కలిసి పోగొట్టాం."

"ఆ... ఆ..." అంది అమ్మ. ఆ ఒక్క శబ్దమే మిగిలింది ఆవిడకి. అందులో ఊరడింపు ఉందో ఏముందో ఎవరికీ తెలియదు.

అతను మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. చీకటి పడుతున్నా ఎవరూ లైటు వెయ్యలేదు.

"అక్కా, ఒకటి చెబితే తిట్టవుగా? నాకు అమ్మ గొంతు గుర్తు రావడం లేదు. మాటలు గుర్తున్నాయి. గొంతు రావడం లేదు."

అక్క ఉలిక్కిపడింది. "అదేంటిరా? ఆడుకోడానికి పోతే మేడ మీంచి పిలిచేది కాదూ? 'చిట్టీ, తమ్ముణ్ణి తీసుకుని రా' అని..." అంది, అమ్మలా పిలిచి.

అమ్మ తల అడ్డంగా ఊపింది.

"అలా కాదక్కా. చివర సాగదీసేది. చిట్టీ... ఈ... అని."

అమ్మ మళ్లీ తల అడ్డంగా ఊపింది. అక్క నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. తనకీ ఆ గొంతు సరిగ్గా దొరకడం లేదని అప్పుడే తెలిసింది.

గొంతు సవరించుకుని, ఇంకాస్త మెల్లగా, ఇంకోలా పిలిచింది. అమ్మ కళ్లు మూసుకుని, చిన్నపిల్లల పాఠం వింటున్నంత శ్రద్ధగా వింది. కాదన్నట్టు తల ఊపింది.

"నువ్వనరా" అంది అక్క, తమ్ముడి చెయ్యి వదలకుండా.

అతను పిలిచాడు.