డకు గుడిస్తే డి

గుడియాత్తంలో ఆ మంగళవారం పొద్దున్నే కాగిన ప్లాస్టిక్ వాసన పెరటి షెడ్డులోంచి వంటింటి దాకా వచ్చేసింది. పెళ్ళయి రెండు నెలలైనా, ఆ వాసన తగిలితే కాంచనకు కాళ్ళు నిలవవు. సాంబారు మరుగుతున్నా సరే, తడి చేతులు కొంగుకు తుడుచుకుని షెడ్డుకు పరుగెత్తింది.

"పోయిందా మళ్ళీ?" అంది అత్త కమలమ్మ వెనకనుంచి. "ఆ అచ్చు చేతనే తాళి కట్టించుకోనుంటే సరిపోయుండు. నా కొడుకు ఎందుకంట?"

షెడ్డులో ఆ కొడుకు ప్రభు వేడిపెట్టె తలుపు తీస్తున్నాడు. ఆంబూరు వైపు చెప్పుల కంపెనీలకు, బ్యాగులు, రెయిన్‌కోట్లు కుట్టేవాళ్ళకు కంపెనీ పేర్లుండే మెత్తటి ప్లాస్టిక్ బిళ్ళలు చేస్తాడు అతను. విదేశాలకు పోయే సరుకు పెరిగాక ఈ మూడేళ్ళుగా పని బాగానే దొరుకుతోంది. ఇత్తడి పలకలో బొమ్మా అక్షరాలూ అద్దంలో కనబడినట్టు తిరగేసి, గుంటలుగా చెక్కి ఉంటాయి. దోసెపిండిలా చిక్కటి ప్లాస్టిక్ ద్రవంలో రంగు కలిపి, సూదిమూతి సీసాతో ముందు అక్షరాల గుంటలు నింపాలి. గాలిబుడగ కనబడితే గుండుసూదితో పొడవాలి. పలకను ఒకసారి వేడిచేసి, దానిపైన నేలరంగు పోసి మళ్ళీ కాల్చాలి. "ముందు పోసిందే ముఖమవుతాది, కడాకు పోసింది వీపు," అని మామ ఆదిమూలం మొదటిరోజే చెప్పినప్పుడు కాంచన పొంగిపోయింది. తిరుపతిలో మూడేళ్ళు బి.ఏ. చదివినా ఇంత చక్కటి సంగతి ఒక్కరూ చెప్పలేదే అనుకుంది.

పలకను తడిగుడ్డ మీద దింపగానే సుయ్యిమంది. కాంచన బిళ్ళ కొనను గోటితో లేపి మెల్లగా లాగింది. పచ్చటి నేల మీద తెల్లటి అక్షరాలు, పైన ఆవు ముఖం. వేడివేడిగా, చెవితమ్మెలా మెత్తగా ఉంది.

"ఇదే కడాది," అన్నాడు ప్రభు. "మున్నూరు అయిపోయినాయి. పదిగంటలకు రంగరాజులు వస్తాడు."

రంగరాజులుకు చిత్తూరులో చిన్న పాల డెయిరీ ఉంది. ఇంటింటికీ పాలు పోసేవాళ్ళ కోట్ల భుజాల మీద కుట్టించడానికి 'మన పాడి' అని తెలుగులో బిళ్ళలు అడిగాడు. ఆ ఇంటికి వచ్చిన మొదటి తెలుగు పని అది. మేస్త్రీగా ఉన్న రోజుల్లో ఆదిమూలం వేలూరులోనూ గుడియాత్తంలోనూ ఎన్నో ఇళ్ళ నెత్తిన సిమెంటుతో పేర్లు తీర్చినవాడు. అన్నీ అరవంలోనే. ఇప్పుడు కొడుక్కి ఇత్తడి పలకలు చెక్కిపెట్టేదీ ఆయనే. పుట్టినప్పటినుంచి మాట్లాడేది తెలుగే అయినా, కాంచన తప్ప ఆ ఇంట్లో తెలుగు అక్షరం తెలిసినవాళ్ళు లేరు. ఆ కాగితం చేతికి వచ్చినరోజు ముసలాయన దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

రంగరాజులు చెప్పిన వేళకే వచ్చాడు. మజ్జిగ తాగి, నవ్వుతూ పెట్టె తెరిచి ఒక బిళ్ళ తీశాడు. నవ్వు ఆగిపోయింది. ఇంకొకటి తీశాడు. ఇంకొకటి.

"ఏందయ్యా ఇది ప్రభూ?"

"ఏమన్నా?"

"మన పాడి అని రాసియ్యమంటే మన పాడె అని రాసినారే! పాడె! పీనిగెను మోసే పాడె! తెల్లారుజామున నా పిల్లోళ్ళు దీన్ని భుజానేసుకుని ఇంటింటి ముందరా నిలబడల్లా?"

కాంచన ఒక బిళ్ళ తీసి చూసింది. డ మీద చిన్న సున్నాలా మూసుకుని ఉండాల్సిన గుడి ఒక పక్క తెరుచుకుని, అచ్చం ఎత్వంలా ఉంది. పాడె. ఇంత స్పష్టంగా ఉంది.

"గురువారం సాయంత్రానికి సరైనవి ఇస్తే తీసుకుంటా. లేదంటే ఇంకోచోట చూసుకుంటా," అని రంగరాజులు చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ప్రభు, పలక దగ్గర కూర్చున్న తండ్రి వైపు తిరిగాడు.

"నాయనా, ఆయప్ప కాగితంలో సరిగ్గానే రాసిచ్చినాడు కదా. నువ్వు యాల మార్చినావు?"

"మార్చాలని మార్చలేదురా. పనికి కుదర్లా, కొంచెం..."

"తెలియని అక్షరంతో ఆటలా? పోసేముందు ఒక్కరికైనా చూపించినావా? ఇంట్లో చదువుకున్న పిల్ల ఉండాదే, దానికైనా చూపించినావా?"

ఆదిమూలం తలెత్తి కోడలి వైపు చూశాడు. ఒక్క క్షణమే. తర్వాత చూపు పలక మీదికి దించేశాడు.

"లేదురా. ఎవురికీ చూపించలా."

కాంచనకు చూపించాడు. పోయిన మంగళవారం, ఇదే షెడ్డులో, మొట్టమొదట తీసిన బిళ్ళను రెండు చేతులతో ప్రసాదంలా పట్టుకొచ్చి, "సరిగ్గా ఉండాదా చూడు అమ్మణ్ణీ," అని అడిగాడు. తను దాన్ని మెలిపెట్టింది, బుగ్గకు ఆనించుకుంది, "ఎంత ముద్దుగా ఉండాదో మామా!" అని గంతేసింది. ఆయన అడిగింది ఒకటి, తను చెప్పింది ఇంకొకటి. చదవనే లేదు.

"అప్పుడే చెప్తిని," ప్రభు గొంతు పెరిగింది. "మద్రాసులో మిషన్‌తో అచ్చులు కోస్తారు, పోదాం అంటే విన్లేదు. ఇంక నీ ఉలి చాలు నాయనా. దండం పెడతా. నువ్వు ఇంట్లో కూర్చో."

"ఎన్నడా పేచ్చు ఇది, ఏం మాటలురా?" కమలమ్మ వాకిట్లోంచి అరిచింది. "మీ నాయన ఉలి పెట్టిన కూడు తినేరా నువ్వు పెరిగింది!"

"కూడు పెట్టినాడని మున్నూరు పాడెలు మోయమంటావా అమ్మా?"

ఆదిమూలం సన్న ఉలులు ఒక్కొక్కటీ తుడిచి పాత పంచెముక్కలో వరసగా పెట్టాడు. చుట్టి, తాడు బిగించాడు. దాన్ని కొడుకు బల్ల మీద పెట్టి, గోడ పట్టుకుంటూ ఇంట్లోకి నడిచాడు.

కాంచన వంటింట్లోకి వెళ్ళింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. మామ చెప్పడు. అత్తకు తను ఇంకా బంగారమే, భర్తకు చదువుకున్న పెళ్ళామే. సాంబారు గిన్నెకు మూత పెట్టబోతుంటే తలుపు వెనక కొక్కేనికి ఆమె గుడ్డసంచి వేలాడుతూ కనిపించింది. దాని మీద, ఎర్రదారంతో ముచ్చటపడి కుట్టుకున్న పచ్చబిళ్ళ. వారం రోజులుగా దాన్ని భుజాన వేసుకునే సంతకు పోయివస్తోంది. ఒక్కసారి కూడా పాడె అని కనబడలేదు. ఏముండాలో ముందే తెలిసిన కన్ను, ఉన్నదాన్ని చూడలేదు.

సంచి తీసుకుని బయటికొచ్చింది. మామ తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. ప్రభు స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. సంచిని అతని కాళ్ళ ముందు పెట్టింది.

"మామ అబద్ధం చెప్పినాడు. నాకు చూపించినాడు. పోయిన మంగళవారమే. సరిగ్గా ఉండాదా అని అడిగినాడు. నేను చదవలేదు. ముద్దుగా ఉండాదని చెప్పి సంచికి కుట్టుకున్నా. తప్పు నాది."

ప్రభు వంగి సంచిని చేతిలోకి తీసుకున్నాడు.

"అయ్యయ్యో అమ్మణ్ణీ, ఎందుకు తల్లీ ఇదంతా?" ఆదిమూలం లేచాడు. "వచ్చి రెండు నెలలు కాలేదు. నీ మీద మాట పడితే బాగుంటాదా? నాకైతే అలవాటే. పని నేర్చేటప్పుడు ఈ చెవుల్లో మేస్త్రీల తిట్లు ఎన్ని పడలేదు!"

ఆ మాటకు కాంచనకు ఏడుపు ఆగలేదు. కమలమ్మ వచ్చి కొంగుతో ఆమె ముఖం తుడిచింది. "కళ్ళు యాడ పెట్టుకున్నావే?" అని గద్దించింది గానీ, తుడవడం మానలేదు.

"ఆ డ మీది సున్నా ఎందుకు తెరిచినావు మామా?" అని ఎక్కిళ్ళ మధ్య అడిగింది కాంచన.

ఆయన పలక తెప్పించి చూపించాడు. "ఇదో, చుట్టూ గుంట తోడితే నడుమ ఇత్తడి చుక్క ఒకటి మిగులుతాది. ఆవగింజంత. దానికి ఆసరా లేదు. బిళ్ళ లాగినప్పుడంతా ఊగుతాది, పది బిళ్ళలకు విరిగిపోతాది. ఒంటిగా నిలబడలేదు పాపం అని, ఒక పక్క తవ్వకుండా వదిలి గోడకు ఆనించినా. అంత చిన్న సందులో అర్థం మారిపోతాదని నాకేం తెలుసు?"

"దాని పేరు గుడి మామా."

"గుడా? సామి ఉండే గుడా?"

"ఆఁ. బళ్ళో అట్లే చెప్తారు. డకు గుడిస్తే డి. దాని తలుపు మూసే ఉండల్లా. తెరిస్తే ఎత్వమైపోయి, డె అవుతాది."

"గుడి తలుపు తీసి పెట్టి పాడెను బయటికి తెచ్చినానే!" అన్నాడు ముసలాయన. నవ్వబోయి ముఖం తిప్పుకున్నాడు.

ప్రభు షెడ్డులోకి వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు అతని చేతిలో పంచెముక్క చుట్ట ఉంది. తాడు విప్పి తండ్రి ఒడిలో పెట్టి, పక్కనే కింద కూర్చున్నాడు.

"మిషనోడైతే ఆ చుక్క నిలబడదని ఆలోచించేవాడే కాదు నాయనా," అన్నాడు నేల చూస్తూ. "విరిగినాకనే తెలిసేది. నోరు జారినా. ఇప్పుడు దీన్ని మూసేదెట్ల?"

ఆదిమూలం పలకను వెనక్కి తిప్పాడు. "చుక్కను తీసేద్దాం. వెనకనుంచి తొలిచి, దాని చోట లావుపాటి ఇత్తడి ముల్లు దిగ్గొట్టుదాం. అది ఒంటిగా నిలబడతాది. ఆ తొలిచే బరమా ఎత్తుకోని రా."

పలకలో ఆరు బిళ్ళల అచ్చులున్నాయి. ముందు ఒక్కటి సరిచేసి చూద్దామన్నారు. కొడుకు పలక పట్టుకుంటే తండ్రి తొలిచాడు. అన్నం వేళ దాటింది. కమలమ్మ పిలిచి పిలిచి విసుగెత్తి, సాంబారు అన్నం కలిపి ఇద్దరికీ చేతిలోనే ముద్దలు పెట్టింది.

కాంచన పుట్టింటివాళ్ళు పెట్టిన చేతి అద్దం తెచ్చి పలక ముందు పట్టింది. తిరగేసిన అక్షరాలు అద్దంలో నేరుగా నిలిచాయి. "ఇకమీదట నేను అద్దం పట్టి చదివినాకనే పోయండి," అంది.

తెల్లరంగు పోశారు, బుడగ పొడిచారు, కాల్చారు, పచ్చరంగు పోశారు, మళ్ళీ కాల్చారు. తడిగుడ్డ సుయ్యిమంది. ఈసారి ఆదిమూలమే గోటితో లేపి, రెండు చేతులతో పట్టుకొచ్చాడు.

"సరిగ్గా ఉండాదా చూడు అమ్మణ్ణీ."

కాంచన దాన్ని మెలిపెట్టలేదు, బుగ్గకు ఆనించుకోలేదు. వెలుతురుకు పట్టి, వేలుపెట్టి, ఒకటో తరగతి పిల్లలా పైకి చదివింది.

"మ... న... పా... డ మీద గుడి, తలుపు మూసే ఉండాది... డి." మళ్ళీ మొదటినుంచి ఇంకోసారి చదివింది. "సరిగ్గా ఉండాది మామా."

ఆదిమూలం గట్టిగా ఊపిరి వదిలాడు. సిగ్గుపడుతూ అడిగాడు.

"ముద్దుగా లేదా తల్లీ?"

వేడి ఆరని ఆ బిళ్ళను కాంచన అప్పుడు మాత్రం బుగ్గకు ఆనించుకుంది. అది తడిసిపోయింది.