చేతికందిన గుడ్డ

కొండ కింద సైకిలు దుకాణంలోని చిన్న మేస్త్రీకి, కొండ మీద గ్రంథాలయంలో పనిచేసే అమ్మాయితో పరిచయమే పేచీతో మొదలైంది. ఆమె సైకిలుకున్న, చక్రం నడుమ ఉక్కు బిళ్లని పట్టి ఆపే డిస్క్ బ్రేకులు చూసి, చక్రానికి పళ్లెం ఎందుకండీ, భోజనానికా అన్నాడు. చక్రం అంచుని రెండు రబ్బరు ముక్కలతో పట్టుకునే రిమ్ బ్రేకుని మించింది లేదని అతని వాదన. వాళ్ల నాన్న పెద్ద మేస్త్రీ రెండు రకాలూ బాగుచేస్తాడు. కొడుకు మాత్రం తను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటాడు.

"వాన పడనీండి, చూద్దాం" అంది ఆమె.

వాన పడింది. ఇద్దరూ కొండ దిగారు. తడిసిన రిమ్ము మీద రబ్బరు జారి, అతను దుకాణం దాటిపోయి పాత టైర్ల గుట్టలో పడ్డాడు. ఆమె సరిగ్గా గుమ్మం ముందు ఆగింది. అంత వాలులో, అంత నీళ్లలో, రెండు వేళ్లు నొక్కి ఒక మనిషి అలా ఆగగలదా అని అతను టైర్ల మీద కూర్చునే నోరు తెరిచాడు. ఆ రోజు నుంచి ఆమె సైకిలు వస్తే చేతిలో పని వదిలేసి లేచేవాడు.

ఇవాళ మధ్యాహ్నం ఆమె పంక్చరు వేయించుకుని పైకి వెళ్లింది. మబ్బు పట్టాక పెద్ద మేస్త్రీ, ఆ అమ్మాయి డిస్కు అంతలా మెరిసిందేం, దేంతో తుడిచావని అడిగాడు. కొడుకు బల్ల మీది గుడ్డ చూపించాడు.

"అది గొలుసు తుడిచే గుడ్డరా. డిస్కుకి నూనె తగిలితే బ్రేకు పట్టదు."

గ్రంథాలయం మూసే వేళయింది. అతను ప్రాణాలు అరచేత పట్టుకుని కొండ మీదికి తొక్కాడు. చినుకులు మొదలయ్యాయి. పై మలుపులో ఆమె అప్పుడే పెడల్ మీద కాలు పెడుతోంది.

"కొండ దిగకండి" అన్నాడు రొప్పుతూ. సంగతంతా చెప్పాడు.

ఆమె బ్రేకు నొక్కి సైకిలుని ముందుకు నెట్టింది. చక్రం కీచుమంటూ తిరిగింది. ఆమె కింద వాలు వైపు చూసింది.

"గుడ్డ చూసుకోలేదా?"

"లేదండీ. మిమ్మల్నే చూస్తున్నాను."

ఆమె దిగి సైకిలు నడిపించసాగింది. అతనూ పక్కనే నడిచాడు. కింద మైదానమంతా వానలో తడుస్తోంది, ఎక్కడో ఒక్కొక్క దీపమే వెలుగుతోంది. రోజూ దిగే దారే, చుట్టూ ఇంత లోకం ఉందని అతనికి ఇప్పుడే తెలిసింది. ఒళ్లు పులకరించింది. ఆమె కూడా అటే చూస్తూ నడక తగ్గించింది.

దుకాణంలో ఆమె, నూనె పీల్చినవాటికి బదులు కొత్త బ్రేకు ప్యాడ్లు అడిగింది. నిన్ననే ప్యాడ్ల పెట్టె సర్దిన సొరుగుకి పెద్ద మేస్త్రీ నడుం ఆనించి నిలబడ్డాడు.

"ప్యాడ్లు లేవమ్మా, తెప్పించాలి. నెల పట్టొచ్చు. అందాకా వీడు రోజూ వచ్చి నడిపించి దించుతాడు."

సొరుగు సందులోంచి పెట్టె మూల కనిపిస్తూనే ఉంది. ఆమె దాన్ని చూసింది, చిన్న మేస్త్రీని చూసింది. ఇన్నాళ్లూ ఆయన్ని మేస్త్రీగారూ అని పిలిచిన అమ్మాయి మెల్లగా అంది:

"తొందరేం లేదు మామయ్యా."

చిన్న మేస్త్రీ వెళ్లి మళ్లీ ఆ టైర్ల గుట్ట మీదే కూర్చున్నాడు.