తల ఆనించిన చోటు

నాకు జిడ్డంటే అసహ్యం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే "గోడ మీద మరక ఉంటే ఇల్లు ఖాళీ చేస్తారా ఎవరైనా" అని అడుగుతారు. థియేటర్లో నేను సీటుకి తల ఆనించను. నాకంటే ముందు ఎన్ని తలలు అక్కడ నూనె, చెమట, చుండ్రు రాసి పోయాయో! అందుకే నా బ్యాగులో ఎప్పుడూ ఒక తెల్ల దస్తీ ఉంటుంది. సీటు మీద అది పరిచాకే తల వాలుస్తాను. మా బావ మహిపాల్ దీనికి నవ్వని రోజు లేదు. మేనబావా ఆయనే, మొగుడూ ఆయనే. "మహారాణి సింహాసనానికి బట్ట పరిసింది సూడున్రి" అనేవాడు, చుట్టూ ఉన్నవాళ్లకి వినపడేలా.

సినిమా అంటే ఆయనకి పిచ్చి. ఉప్పల్లో కొత్త బొమ్మ పడితే మొదటి ఆటకి ఉండాల్సిందే. ఆయన ఈల వేస్తే ముందు వరుసలవాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు. పెళ్లయిన ఏడే ఇంట్లో ఒక ఆనవాయితీ పెట్టాడు. డిసెంబరు ముప్పై ఒకటి సాయంత్రం అందరం కూర్చుని, ఆ ఏడాది చూసినవాటిలో ఎవరికి ఏది బాగా నచ్చిందో కథతో సహా చెప్పాలి. సరిగా చెప్పకపోతే కేకు ముక్క ఉండదు.

పోయిన ఏడాది మాత్రం థియేటర్ మొహం చూడలేదు. ఎండాకాలం మొదట్లో మెట్రో పిల్లర్ దగ్గర బండి జారి బావ కాలు విరిగింది. రాడ్లు వేశారు. మెట్లు ఎక్కొద్దన్నారు. మేమేమో మూడో అంతస్తులో ఉండేవాళ్లం. నాచారంలో కింది పోర్షన్ ఒకటి దొరికితే సామానంతా ట్రాలీ ఆటోలో వేసుకుని దిగాం. ఇంటామె బాలనర్సమ్మ పైన ఉండేది. ఆ గల్లీ అంతా ఒకప్పుడు వాళ్ల పొలమేనట. మోకాళ్ల నొప్పులని చెప్పి గేటు దగ్గరే నిలబడి తాళంచెవి ఇచ్చింది. "టీవీ లోపలనే ఉన్నది, వాడుకోన్రి. పాత కిరాయాయనది" అంది.

గోడకి బిగించిన పెద్ద టీవీ. ఊరికే వస్తే ఫినాయిల్ అయినా తాగే రకం మేము. ఆ పాత కిరాయాయన అంత టీవీని వదిలేసి ఎటు పోయాడని అడగడానికి నోరు రాలేదు.

గది ఇరుకు. ఒకవైపు మంచం, ఇంకోవైపు వంటగది గుమ్మం. టీవీ సరిగ్గా కనపడాలంటే ఎదురు గోడకి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని నేల మీద కూర్చోవాలి. వేరే చోటు లేదు. బావకి అక్కడే పరుపు వేశాను. నేను ఉప్పల్లో సూపర్ మార్కెట్ బిల్లింగు కౌంటర్‌కి పోయి వచ్చేదాకా ఆయనకి అదే లోకం. నేను వచ్చాక కంచాలు ముందు పెట్టుకుని ఇద్దరం ఒక సినిమా చూసేవాళ్లం. నిజం చెప్పాలంటే మొదట్లో అది మంచి కాలమే. కొరియా దెయ్యాలని తెలుగులో తిట్టాం. మలయాళం సినిమాలో వాన మొదలైతే చాలు, బావ మిరపకాయ బజ్జీలు వేయమనేవాడు. ఆదివారం పొద్దున ఆయన తలకి నూనె పెట్టేదాన్ని. కళ్లు మూసుకుని "ఈ కాలు ఇంకో ఏడాది అతకకున్నా ఫికర్ లేదు" అనేవాడు.

దసరా ముందు గోడ మీద మరక కనపడింది. కొత్తగా వేసిన పిస్తా రంగు మీద అరచేతంత, పసుపు పచ్చగా, ఎప్పుడూ తడిగా ఉన్నట్టు.

"నెత్తికి నూనె వెట్టుకొని గోడకు ఆనకని ఎన్నిసార్లు చెప్పాలె బావా?"

"నేను ఆన్తలేను" అన్నాడు, ఆనుకునే.

సబ్బు పొడితో రుద్దాను. నిమ్మచెక్కతో రుద్దాను. బ్లీచింగ్ పెట్టాను. పొద్దునకి పోయేది, సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి మళ్లీ ఉండేది. న్యూస్‌పేపర్ అంటించాను. బజ్జీలు కట్టిన కాగితంలా అది జిడ్డు పీల్చుకుని, అక్షరాల వెనక మరక కనపడటం మొదలైంది. చిరాకేసి ఆయన తలకి నూనె పెట్టడమే మానేశాను. అయినా మరక పెరిగింది. వేలితో ముట్టుకుని వాసన చూశాను. అది కొబ్బరినూనె వాసన కాదు. కరెంటు పోయిన ఫ్రిజ్‌లో వేటమాంసం మర్చిపోయి ఊరికి పోయి వస్తే, తలుపు తీయగానే కొట్టే వాసన. ఆ వేలిని ఎన్నిసార్లు కడుక్కున్నా అన్నం ముద్ద నోటి దాకా వచ్చేసరికి అదే వాసన వచ్చేది. చెంచాతో తినడం మొదలుపెట్టాను.

ఇంకో సంగతి నేను ఆలస్యంగా గమనించాను. బావ పొడుగు మనిషి. ఆయన కూర్చుంటే తల ఆనే చోటు మరకకి జానెడు పైన ఉంటుంది. అంటే ఆ మరక ఆయన తలది కాదు.

ఆ రోజు నుంచి చూస్తూ ఉన్నాను. ఆయన కొద్దికొద్దిగా కిందికి జారుతున్నాడు. నడుము ముందుకి జరుగుతోంది, మెడ భుజాల్లోకి దిగుతోంది. "గట్ల కూసుంటే నడుము వట్టేస్తది, జర పైకి కూసో" అంటే, "గిట్లయితేనే మంచిగ కనపడ్తది" అనేవాడు. డిసెంబరు వచ్చేసరికి ఆయన తల సరిగ్గా మరకలో కుదిరింది.

అప్పటికి ఎముక అతుక్కుంది. ఇక లేచి నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. సంక్రాంతి తర్వాత డ్యూటీకి రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. బావ దేనికీ ఉలకలేదు, పలకలేదు. ఏ సినిమా పెట్టినా నవ్వడు. చేయి పట్టి లేపితే, చంటిపిల్లాడిలా బరువంతా వదిలేసి గోడవైపే వాలిపోయేవాడు. రోజూ ఇంటికి వస్తూ తాళం తీసేముందు తలుపుకి చెవి ఆనించేదాన్ని. లోపల నాకు తెలిసిన మనిషి ఇంకా ఎంత మిగిలి ఉన్నాడో అని.

ముప్పై ఒకటో తారీఖు సాయంత్రం మా తమ్ముడు రంజిత్ బిర్యానీ, కేకు పట్టుకుని వచ్చాడు. గడపలోనే ఆగిపోయాడు.

"అక్కా, ఎలుక గిట్ల సచ్చిందా?"

"మురికినాలా వాసన. గాలి ఇటు తిరిగితే గింతే" అన్నాను. చెక్కతలుపుకి మామిడాకులు కట్టి, ముగ్గు వేసి పెట్టాను ఆ రోజు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే నా సంసారమే. నిజంగానే ఈగలు ముసురుతున్నాయి, చలికాలంలో.

ఆనవాయితీ ప్రకారం రంజిత్ టీవీ కట్టేశాడు. గల్లీలో పిల్లలు ఎక్కడో బాంబులు కాలుస్తున్నారు. వాడు ముందు చెప్పాడు, పెళ్లిళ్లలో చెప్పులు కొట్టేసేవాడి కథ. నేను డ్రైవింగ్ నేర్చుకుని ఒక్కతే సముద్రం చూడటానికి పోయిన ముసలమ్మ కథ చెప్పాను. చెబుతూ బావ వైపు చూశాను. టీవీ ఆపేసి ఉంది. కానీ ఆయన కళ్లలో నీలం వెలుగు కదులుతోంది... మారుతోంది... బొమ్మ మారినట్టు.

"ఇగ నువ్వు చెప్పు బావా" అన్నాడు రంజిత్.

"ఒక అర్ర" అన్నాడు బావ. గొంతు బాగా తగ్గించి, మమ్మల్ని కాకుండా ఎదురుగా చూస్తూ. "ఒకటే అర్ర, నాలుగు గోడలు. సినిమా మొత్తం గాడనే."

"హీరో ఎవలు?"

"కనపడడు. ఆయన కండ్లల్లకెల్లే సూపిస్తరు. ఎదురుంగ టీవీ. అండ్ల సినిమాలు నడుస్తుంటయ్... ఒకటైనంక ఒకటి. ఆయన లేవడు."

"ఎందుకు లేవడు?"

"తల రాదు. గోడకు అంటుకున్నది."

రంజిత్ నవ్వబోయి ఆగాడు.

"ముందుగాల ఈగలొస్తయ్. మూతి మీద. తర్వాత చీమలు... కంట్లెకొస్తయ్. ఆయన రెప్ప కొట్టడు. చీమలు కంటి మీద నడుస్తనే ఉంటయ్... వాటి ఎనక సినిమా కనపడ్తనే ఉంటది." పెదాలు చప్పరించాడు. "మస్తుంటది. ఈ ఏడు నాకు నచ్చింది గదే."

"ఇసొంటిది మనం ఎప్పుడు చూసినం?" అడిగాను.

"నేను రోజు సూస్తున్న."

"మరి క్లైమాక్స్?" రంజిత్ గుసగుసగా అడిగాడు.

"ఇంక రాలె. ఎవలో తలుపు కొడ్తరు. తీస్తే అయిపోతది."

అప్పుడే తలుపు కొట్టారు.

బావ మొహం మొదటిసారి కదిలింది. "తియ్యకు స్వర్ణా..." అన్నాడు.

తీశాను. బాలనర్సమ్మ. పండగని గారెలు తెచ్చింది. గిన్నె నా చేతికి ఇవ్వబోతూ నా భుజం మీదుగా లోపలికి చూసింది. గిన్నె జారి గడప మీద పడింది.

"ఆడ ఎందుకు కూసోవెట్టినవ్ బిడ్డా?"

"టీవీ గాడికెల్లే కనపడ్తది... నూనె మరకైంది అమ్మా, ఎంత కడిగినా..."

"అది నూనె గాదు."

ఆమె లోపలికి రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మం బయటి నుంచే చెప్పింది. కరోనా ఏడు ఆ గదిలో ఆగయ్య అనే ఆయన ఒక్కడే ఉండేవాడు. సినిమాలంటే ప్రాణం. టాకీసులు మూసేశారని ఈ టీవీ కొనుక్కున్నాడు. "రాత్రింబగళ్లు సినిమా చప్పుడు వస్తనే ఉండె. చప్పుడొస్తుంటే మనిషి మంచిగున్నడనే అనుకుంటం గద. వాసనొస్తే మురికినాలా అనుకున్నం. తలుపు వలగొట్టి లేపుతుంటే... మనిషైతే ఊడొచ్చిండు. తల ఎనక దిక్కు గోడకే ఉన్నది బిడ్డా. మేమే గీకినం. సున్నం ఏసినం. రంగు ఏసినం."

నేను లోపలికి పరిగెత్తాను. రంజిత్ ఆయన చంకల కింద చేతులు వేశాడు. నేను తల పట్టుకున్నాను. రాలేదు. మళ్లీ లాగాం. తడి ప్లాస్టర్ ఊడదీసినట్టు చప్పుడైంది... మెల్లగా... ఒక్కో వెంట్రుకా తెగుతూ. గోడ మీద నల్లగా ఒక కుచ్చు ఉండిపోయింది. దాని కింద పల్చటి తోలులాంటిదేదో వేలాడుతోంది. నా రెండు చేతులూ వేళ్ల సందుల దాకా పసుపు పచ్చటి జిడ్డు. వెచ్చగా ఉంది.

బయటికి ఉరికి నల్లా దగ్గర కక్కుకున్నాను. లోపల నుంచి బావ పిలుస్తున్నాడు. ఎన్నో రోజుల తర్వాత ఆయన సొంత గొంతు. "స్వర్ణా, చెయ్యియ్యి... లేస్త... జర చెయ్యియ్యి." గుమ్మం దాకా వెళ్లాను. దస్తీ ముక్కుకి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆయన్ని ముట్టుకోలేకపోయాను. నా మొగుడంటే నాకు అసహ్యం వేసింది. రంజిత్ ఒక్కడే ఆయన్ని ఎత్తుకుని బయటికి తెచ్చాడు.

ఆ ఇంట్లో మళ్లీ అడుగు పెట్టలేదు. కొన్నాళ్లు రంజిత్ రూములో ఉండి, తర్వాత మౌలాలిలో చిన్న ఇల్లు తీసుకున్నాం. టీవీ కొనలేదు. కీసర గుట్టకి పోయి బావ తలనీలాలు ఇచ్చాడు. గుండు వెనక ఎర్రగా ఉన్న చోట మెల్లగా పొక్కు కట్టి రాలిపోయింది. నడక వచ్చింది. డ్యూటీలో చేరాడు. ఆ సాయంత్రం గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. చేయి ఇవ్వని మాట మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

పోయిన ఆదివారం ఆయనే అన్నాడు, "నడువు, ఉప్పల్ల పొద్దుగాల ఆట సూసొద్దం."

ఏడాది తర్వాత థియేటర్. బావ గుండు మీద చేయి రాసుకుంటూ ఈల వేశాడు. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మనిషి నాకు వచ్చేశాడు అనుకున్నాను. దస్తీ పరుచుకుని, తల వాల్చి, ఆయన చేయి పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక బావ కాళ్లు కడుక్కుని ముందు గదిలో కూర్చున్నాడు. నేను ఉతుకుడు బట్టల్లో వేద్దామని బ్యాగులోంచి దస్తీ తీశాను.

మధ్యలో అరచేతంత మరక. పసుపు పచ్చగా. నాచారం వదిలినప్పటి నుంచి నేను తలకి నూనె రాసుకోలేదు. మడత విప్పితే ఒక చీమ బయటికి నడిచింది.

"సినిమా ఎట్లనిపించింది?" బావ అడిగాడు.

చెబుదామని నోరు తెరిచాను. హీరో మొహం గుర్తు రాలేదు. ఒక్క పాట గుర్తు రాలేదు. నాకు గుర్తున్నదల్లా ఒక గది. నీలం వెలుగు. కంటి మీద ఏదో నడుస్తోంది... ఎవరో తలుపు కొడుతున్నారు... తలుపు తెరుచుకుంది. గడపలో ఒక ఆడమనిషి, ముక్కుకి తెల్ల దస్తీ అడ్డం పెట్టుకుని. చెయ్యియ్యమని ఎంత పిలిచినా లోపలికి రావడం లేదు. ఆమె మొహం నాది.

నా చేయి తల వెనక్కి వెళ్లింది. తడిగా తగిలింది.

ముందు గదిలో బావ గోడకి తల ఆనించుకున్న చప్పుడైంది. గుసగుసగా, ఆశగా అడిగాడు.

"చెప్పు స్వర్ణా... లాస్టుకు తలుపు తీసిన్రా?"