శ్రీపాల్ చేతివాటం

అనుమానితుడి పేరు వినగానే ఏజెంట్ ఐలేష్‌కు లోపల్లోపల పండగైంది.

"శ్రీపాల్," అంది చీఫ్ అరుణజ్యోతి, టేబుల్ మీద ఫోటో పెడుతూ. "ఇబ్రహీంపట్నం రైతు. ఇంట్ల సొంత స్టేషన్ పెట్టుకునే హామ్ రేడియో లైసెన్సున్నది. ఎరికేనా?"

ఎరుకే. ఐలేష్‌కు మోర్స్ కాంటెస్టులంటే ప్రాణం. డ్యూటీ లేని ఆదివారాల్లో హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, చుక్కలూ గీతలుగా మోగే కోడ్‌లో దేశదేశాల స్టేషన్లను పిలిచేవాడు. ఎన్ని స్టేషన్లు దొరికితే అన్ని పాయింట్లు. ఏళ్ల తరబడి అతనిది రెండో స్థానమే. మొదటిది శ్రీపాల్‌ది. ఇద్దరూ ఎన్నడూ కలుసుకోలేదు. అయినా తప్పు దొరక్కపోతుందా అని శ్రీపాల్ సిగ్నల్‌ను రికార్డు చేసుకుని మరీ వినేవాడు ఐలేష్. తప్పు దొరికేది కాదు. ఆ పూట అన్నం సయించేది కాదు.

అరుణజ్యోతి బ్రీఫింగ్ మొదలుపెట్టింది. ఆదిభట్లలో తయారయ్యే ఓ నిఘా డ్రోన్ కంట్రోల్ కోడ్ ముక్కలు ముక్కలుగా దేశం దాటుతోంది. ఫోన్ల మీదా నెట్ మీదా కాపలా ఉంది కనుక విదేశీ ముఠా మోర్స్ కాంటెస్టులను పట్టుకుంది. కాంటెస్టులో ప్రతి స్టేషనూ అవతలివాడికి వరుస నంబర్ ఇవ్వాలి. ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు. శ్రీపాల్ కాల్ సైన్‌తో, అంటే అతని స్టేషన్ పేరుతో, మాత్రం మధ్యమధ్య వరుస తప్పిన నంబర్లు పోతున్నాయి. వేల సిగ్నళ్ల రొదలో వాటిని పట్టించుకునేదెవరు?

"ఆఖరి ముక్క ఈ ఆదివారం కాంటెస్టుల పోతది. అది గూడ పోయిందంటే డ్రోన్ వాళ్ల చేతిల పడ్డట్టే. కొడుతుండంగనే పట్టాలె."

"సోర్స్ ఎవరు మేడమ్?"

"లిఖిత."

లిఖిత ఆదిభట్లలో ఆ డ్రోన్ మీద పనిచేసే ఇంజినీరు. ముఠా ఆమెను కొంది. ఆ సంగతి ఆమే వచ్చి చీఫ్‌కు చెప్పి, అప్పట్నుంచి రెండు వైపులా పనిచేస్తోంది. డబుల్ ఏజెంట్.

మర్నాడు ఐలేష్ తుక్కుగూడ చౌరస్తాలో ప్లాట్లమ్మే బ్రోకర్ వేషంలో నిలబడ్డాడు. మెరిసే చొక్కా, మెడలో గొలుసు, చేతిలో వెంచర్ బ్రోచర్లు. ఆ వేషానికి ఓ సుఖముంది. జనం మొహం చూడకుండానే తప్పించుకుని పోతారు.

తెల్ల కారు ఆగింది. నల్ల కళ్లద్దాలు, సన్నటి సెంటు వాసన.

"ఈస్ట్ ఫేసింగ్ ఉన్నదా?" అందామె.

"కార్నర్ బిట్టొక్కటే మిగిలింది."

కోడ్ సరిపోయింది. టీ తాగుతూ లిఖిత గొంతు తగ్గించింది. "దొంగ శ్రీపాలే. మోర్స్ నేర్చుకుంటనని పోయి ఆయన పక్కన్నే కూసుని చూసిన. కానీ మస్తు చెయ్యి! ఆయన మోర్స్ కీ కొడుతుంటే పాట విన్నట్టే ఉంటది."

ఐలేష్ టీ చేదెక్కింది.

"మీరు గూడ కాంటెస్టులు చేస్తరంట కదా?"

"అప్పుడప్పుడు."

"అవ్, రిజల్ట్స్‌ల మీ పేరు చూసిన. రెండో లైన్ల."

పాత కాంటెస్టుల రికార్డింగులు చీఫ్ పంపించింది. ఐలేష్ వాటిని సరిగ్గా వినలేదు. శ్రీపాల్ దొంగైతే చాలనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం. ఇబ్రహీంపట్నం శివారులో, వరి మడి ఒడ్డున శ్రీపాల్ ఇల్లు. ఇంటి వెనక ఆకాశంలోకి లేచిన టవర్. తన డాబా మీది తీగ గుర్తొచ్చి ఐలేష్ కడుపు మండింది. గల్లీ చివర టీమ్ అతని సైగ కోసం కాచుకుని ఉంది. అతని చెవిలో వినికిడి మిషన్‌లా కనిపించే రిసీవర్.

రిసీవర్‌లో శ్రీపాల్ కాల్ సైన్ మోగింది. వెంటనే వరుస తప్పిన నంబరు.

ఐలేష్ చెయ్యెత్తబోయాడు. సగంలో ఆగిపోయాడు.

సున్నా కొట్టేటప్పుడు చివరి గీతను వెంట్రుకవాసి సాగదీయడం శ్రీపాల్ అలవాటు. సున్నాకు మాత్రమే. ఈ చెయ్యి ఒకటిని కూడా సాగదీస్తోంది. ఇది శ్రీపాల్‌ను చూసి నేర్చుకున్న చెయ్యి.

నోరు మూసుకుంటే శ్రీపాల్ జైలుకు పోతాడు. మొదటి స్థానం ఖాళీ అవుతుంది. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో చూసుకుని ఐలేష్‌కు సిగ్గేసింది. గేటు తోసుకుని లోపలికి నడిచాడు.

హెడ్‌ఫోన్స్ తీయకుండానే చెయ్యూపాడు శ్రీపాల్. "ప్లాట్లొద్దన్నా, పో."

ఐలేష్ వేలితో బల్ల మీద తన కాల్ సైన్ కొట్టాడు.

శ్రీపాల్ ఎగిరి లేచాడు. "ఐలేషన్నా! రెండో నంబర్ ఐలేషన్నవా!" అని గట్టిగా కౌగిలించుకున్నాడు.

ఆ సంతోషం నిజమైంది కావడంతో ఐలేష్‌కు ఇంకా మండింది.

"అన్నా, ముచ్చట తర్వాత. నీ కాల్ సైన్ మీద వేరేటోళ్లు దేశం గుట్టు అమ్ముతున్నరు. గిది విను."

విన్న శ్రీపాల్ మొహం పాలిపోయింది. "గిది లిఖిత చెయ్యి. నేనే నేర్పిన."

అతను యాంటెన్నా తిప్పాడు. పెద్ద చెరువు వైపు తిరగగానే సిగ్నల్ చెవులు పగిలేలా పెరిగింది. ఐలేష్ కాలర్ మైక్‌లో అరిచాడు. "చెరువు కట్ట! తెల్ల కారు! ఉరుకుండ్రి!"

టీమ్ చేరేలోపే ముఠా స్టేషన్ పలికింది. ఆఖరి నంబర్ ఇమ్మంటోంది.

"గట్టి సిగ్నల్ పెట్టి తొక్కేద్దమా?" అన్నాడు శ్రీపాల్.

"వద్దు. తొక్కితే అనుమానమొచ్చి మళ్ల ఇమ్మంటరు. లిఖిత లెక్కనే కొట్టి తప్పుడు నంబరియ్యాలె."

శ్రీపాల్ కీ మీద చెయ్యి పెట్టాడు. వెంటనే తీసేసి కుర్చీలోంచి లేచాడు. "నాతోని కాదన్నా. నువ్ కొట్టు."

ఐలేష్ కూర్చున్నాడు. కట్ట మీద లిఖిత మొదలుపెట్టిన క్షణమే తనూ మొదలుపెట్టాడు. సున్నా సాగింది, ఒకటీ సాగింది. ఏళ్లపాటు కుళ్లుకుంటూ విన్నదంతా వేళ్లలోకి దిగింది. కారు మీది చిన్న యాంటెన్నా సిగ్నల్‌ను శ్రీపాల్ టవర్ మింగేసింది.

శ్రీపాల్ రేడియో సౌండ్ పెంచాడు.

అటునుంచి జవాబొచ్చింది. అందింది, థాంక్స్.

మరుక్షణం కాంటెస్ట్ ముగిసింది. ముఠా చేతిలో పడింది దేనికీ పనికిరాని అంకెలు.

కట్ట మీద బేడీలతో నిలబడ్డ లిఖిత ఐలేష్‌ను చూసి నవ్వింది. "శ్రీపాల్ అంటే మీకు పడదని తెల్సే, ఈ కేసుకు మీరే కావాలని చీఫ్‌కు చెప్పిన. ఇట్టే నమ్ముతరనుకున్న."

"నమ్మిన," అన్నాడు ఐలేష్. "కానీ ఆయన చెయ్యిని నాకంటే ఎక్కువ విన్నోడు లేడు. ఆయన గూడ వినలే."

రిజల్ట్స్ వచ్చాయి. మిషన్‌లో ఉన్నందుకు ఐలేష్ పేరు రెండో లైన్‌లో కూడా లేదు. మొదటి లైన్‌లో శ్రీపాల్.

అరుణజ్యోతి భుజం తట్టింది. "శభాష్ ఐలేష్. డిపార్ట్‌మెంట్ తరఫున ఏం కావాల్నో అడుగు."

ఐలేష్ రిజల్ట్స్ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"శ్రీపాలన్న గూడ మస్తు సాయం చేసిండు మేడమ్. ఆయనకే ఏమన్నా ఇయ్యాలె. వచ్చే కాంటెస్ట్ టైంల కుటుంబంతోని ఏదన్న ఫారిన్ టూర్ పంపిద్దం. కరెంటు లేని దేశమైతే ఇంకా మంచిది."