అర్కాదీ బ్యాడ్జి

ఇంకో పావుగంటలో స్క్వాడ్రన్ లీడర్ నవీన కొత్త ఫైటర్ విమానాన్ని కావాలనే గింగిరాలు కొట్టే స్పిన్‌లో పడేస్తుంది. అందులోంచి బయటపడే కిటుకు తెలిసినవాడు ఒక్కడే. మస్కట్‌లో, బౌషర్‌లోని ఓ విల్లాలో మారుపేరుతో ఉంటున్న రష్యన్ ముసలాయన అర్కాదీ. సోవియట్ ప్రభుత్వం టెస్ట్ పైలట్లకిచ్చిన గౌరవ బ్యాడ్జి కోటుకి లేకుండా ఆయన కెమెరా ముందుకు రాడు.

ఆయన రష్యన్‌లో చెబితే, రేడియోలో నవీనకి ఇంగ్లీషులో చెప్పేది ఉమైమా. మన ఏజెంటే. హైదరాబాద్ అందగత్తె. మొహం కనపడకుండా తీసిన వీడియోలో బ్యాడ్జి చూసి ఢిల్లీలో చీఫ్ సరేనన్నాడు.

విల్లాకి కాపలా ఏజెంట్ ఓంకార్. వేషం ఎదుటి సందులో లాండ్రీవాడు. గల్ఫ్‌కి కూలికొచ్చేవాళ్లు ఎక్కువున్న ఆర్మూరు మనిషి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కాపలావాడు ముసలాయన మొహం చూడకూడదని ఆఫీసు రూలు. ఇలాంటి రూళ్లు పెట్టేవాళ్లని ఎండలో నిలబెట్టాలి. ఎనిమిది నెలలుగా ఓంకార్‌కి అర్కాదీ కోటు తెలుసు, మనిషి తెలియదు.

ఆ వీడియోలోంచి చీఫ్ పంపిన ఫోటో ఫోన్‌లో చూడగానే ఓంకార్ ఇస్త్రీ ఆపేశాడు. బ్యాడ్జి ఎడమవైపు ఉంది. వారం వారం తను ఇస్త్రీ చేసే కోటుకి పిన్ను రంధ్రాలు కుడివైపే. సోవియట్ దేశంలో పతకాలు ఎడమన పెట్టుకుంటారు, ఈ బిరుదు బ్యాడ్జి మాత్రం కుడిన. నలభై ఏళ్లు పెట్టుకున్నవాడు వైపు మరిచిపోడు. కోటు వేసుకున్నది వేరెవరో.

చీఫ్ ఫోన్ స్విచ్ఛాఫ్. టెస్ట్ జరిగేటప్పుడు ఫోన్లు బయట పెట్టాలని ఇంకో రూలు.

ఓంకార్ షర్టులు, గంజి స్ప్రే పట్టుకుని విల్లాకి పరుగెత్తాడు. తలుపు తీసింది ఉమైమా. లోపల రేడియో ముందు కోటు తొడుక్కున్న ముసలాడెవడో. స్పిన్‌కి సిద్ధమని నవీన గొంతు వినిపిస్తోంది.

"ముసలాయన ఏడి?" అన్నాడు ఓంకార్.

"టబ్‌ల ఉన్నడు. పొద్దుగాలనే అయిపోయింది. నువ్వు గూడ పోదువు రా," అంటూ ఆమె పిస్టల్ తీసింది.

స్ప్రే డబ్బాలో గంజి లేదు, యాసిడ్ ఉంది. కళ్లు పోయిన ఉమైమా గుడ్డిగా కాల్చిన గుండు నకిలీ ముసలాడి మెడలో దిగింది. నవీన లెక్కపెడుతోంది. త్రీ. టూ. ఓంకార్ మైకు లాక్కుని, టెస్ట్ రద్దు చేసే కోడ్ వర్డ్ రెండుసార్లు చెప్పాడు.

"ముద్దపప్పు. ముద్దపప్పు."

నవీన 'వన్' అనలేదు. విమానం తిన్నగా వెనక్కి మళ్లింది.

నేలమీద ఉమైమా నీళ్లు, నీళ్లు అని దేవులాడుతోంది. ఓంకార్ నకిలీవాడి కోటునుంచి బ్యాడ్జి ఊడదీసుకుని, బాత్రూంలోకి వెళ్లి టబ్‌లోని ముసలాయన కళ్లు మూశాడు. పంపు తిప్పి బ్యాడ్జికంటిన రక్తం కడిగాడు. పంపు కట్టేసి వచ్చి, ఆమెని దాటుకుంటూ బయటికి నడిచాడు.

వారం తర్వాత చీఫ్ ఫోన్ చేశాడు. మైకులో మాట్లాడింది లాండ్రీవాడని తప్ప నవీనకి ఇంకేమీ చెప్పకూడదని మరో రూలు. ఎవడో లాండ్రీవాడు తన టెస్ట్ ఫ్లైట్ చెడగొట్టాడని, వాడిమీద చర్య తీసుకోవాలని నవీన నాలుగు పేజీల ఫిర్యాదు రాసిందట.

"రాయనియ్యుండ్రి సార్," అన్నాడు ఓంకార్. "బతికున్నోళ్లే గద రాస్తరు."